‘సూనర్ రాదర్ దాన్ లేటర్’ అంటే ఎప్పుడు?

“నేను మా అమ్మతో అన్న మాట ఆయనకెందుకు చెప్తున్నారు మీరు?” అని ఫోన్లో ఆ కొడుకు అడిగేటప్పటికి, ఆ మాట సగం ఇంగ్లీష్‌లో నా నోటి నుంచి వెళ్ళిపోయింది. ఆపలేదు. మిగతా సగం కూడా చెప్పాను. తర్వాత ఆయన నన్నడిగిన ఈ ప్రశ్నని కూడా ఇంగ్లీష్ చేసి డాక్టర్‌కి వినిపించాను.

వాళ్ళున్న గది సియాటిల్ పక్కన బాతెల్‌లో, ఒక కళ్ళ ఆసుపత్రిలో. నేనేమో దేశానికి ఈ చివర పిస్కాటవేలో, మా అపార్ట్‌మెంట్‌లో చలికోట్లు తగిలించే అలమరలో, చిన్న స్టూలు మీద. చుట్టూ కోట్లుంటే గొంతు మోగదు, పక్కింటివాళ్ళ కుక్క అరుపు వినపడదు. నా ఆఫీసు అదే. ఎనిమిదేళ్ళు అందులోనే కూర్చున్నాను.

ముప్పై నాలుగేళ్ళకి రిటైర్మెంట్ ఏంటని నవ్వేవాళ్ళు నవ్వండి. గొంతుతో చేసే పని గొంతు పోతే అయిపోతుంది. నా గొంతులో కాయలు కాశాయని, ఇక రోజంతా మాట్లాడే పని వద్దని డాక్టర్ చెప్పింది. ఎప్పటిలోగా మానాలని అడిగాను. ఈ వారమే అంది. మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వద్దామనుకుంటున్న అమ్మాయిలు నాకు ఫోన్ చేసి “అక్కా, ఈజీయేనా?” అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. పేర్లు మార్చాను. మిగతాది మార్చలేదు.

ఈ పని ఏంటంటే

ఇంగ్లీష్ రాని తెలుగువాళ్ళు ఆసుపత్రికో, స్కూలుకో, అద్దె ఇంటి ఆఫీసుకో వెళ్తే అక్కడివాళ్ళు ఒక నంబర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెడతారు. ఆ స్పీకర్‌లో మాట్లాడేది మనం. వాళ్ళు ఇంగ్లీష్‌లో అన్నది తెలుగులో, వీళ్ళు తెలుగులో అన్నది ఇంగ్లీష్‌లో. మన పేరు చెప్పకూడదు. డాక్టర్ “నేను” అంటే మనమూ “నేను” అనాలి. మన సొంత మాట ఏదైనా ఉంటే “ఇంటర్‌ప్రెటర్ అడుగుతోంది” అని వేరుగా చెప్పి అడగాలి.

నేను చదివింది ఇంటర్మీడియెట్. అది కూడా తెనాలిలో, తెలుగు మీడియం. మా ఆయనకి గ్రీన్ కార్డు ఉండబట్టి నాకు ఇక్కడ పని చేసుకునే వీలు దొరికింది. ఇంగ్లీష్ నేర్చుకున్నది ఒక ఇండియన్ కొట్టులో క్యాష్ కౌంటర్ దగ్గర, వచ్చినవాళ్ళు వాగేది వింటూ. పరీక్ష పెట్టారు, పాసయ్యాను. అయినా ఎనిమిదేళ్ళూ ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా ఎవరో ఒకరు అనేవాళ్ళు, ఇంట్లో కూర్చుని ఫోన్ మాట్లాడ్డం కూడా జాబేనా అని. ఒకాయన, సాఫ్ట్‌వేర్ ఆయన, చేతిలో ప్లేటు పట్టుకుని, “మా ఆరో క్లాస్ పిల్ల చేసేస్తుంది మా అమ్మకి” అన్నాడు. మీ పిల్ల చేత చేయించకండి అన్నాను. పార్టీలో ఇంకెవరూ నా పక్కన కూర్చోలేదు. పోనీలెండి, రెండు కుర్చీల్లో కాళ్ళు చాపుకున్నాను.

ఎందుకు చేయించకూడదో చెప్తాను. ప్రేమున్న మనిషి మాట మోస్తే ఆ మాట బరువు తగ్గిపోతుంది. కూతురు అమ్మకి క్యాన్సర్ అని చెప్పదు, “చిన్న గడ్డంట” అంటుంది. నేను వాళ్ళని తప్పు పట్టను. మా అమ్మకైతే నేనూ అలాగే చెప్తానేమో. అందుకే బయటి మనిషి కావాలి.

నాకు పని నేర్పింది మార్సియా అనే పెద్దావిడ. స్పానిష్ ఇంటర్‌ప్రెటర్‌గా ముసలిదైపోయింది, మాకందరికీ ట్రైనింగ్ ఇచ్చేది. గదిలో ఎవరేమన్నా గదిలో అందరికీ తెలియాలి, అదొక్కటే రూలు అనేది. గొణిగినా చెప్పు, తిట్టినా చెప్పు, నిన్ను తిట్టినా చెప్పు. ఒక ముసలాయన తన ఫిజియోథెరపీ అమ్మాయిని “దీని చేతులు విరగ” అన్నాడు. నేను అలాగే చెప్పాను. ఆ అమ్మాయి పగలబడి నవ్వి, ఇంకో పది సార్లు కాలు ఎత్తించింది.

ఒకే మాట

ఇక అసలు విషయం. ఈ దేశంలో ఒక మాట ఉంది, ‘సూనర్ రాదర్ దాన్ లేటర్’. తర్వాత కంటే ముందే మంచిది అని అర్థం. డిక్షనరీ చూస్తే అంతే. కాని ఆ మాట అన్నది ఎవరు, ఏ గదిలో అన్నారు అన్నదాన్ని బట్టి అది ఈ క్షణం దగ్గర్నుంచి ఎప్పటికీ కాదు దాకా ఏదైనా కావచ్చు.

అద్దె ఇంటి ఆఫీసులో అమ్మాయి, వంటగది సింక్ కింద పైపు కారుతోందంటే, “మనిషిని సూనర్ రాదర్ దాన్ లేటర్ పంపిస్తాం” అంటుంది. ఇవాళ్టికి మళ్ళీ ఫోన్ చేయొద్దు అని దానర్థం. బకెట్ పెట్టుకోవాలి. స్కూల్లో టీచర్, “మీ బాబు మాటల గురించి సూనర్ రాదర్ దాన్ లేటర్ పరీక్ష చేయిస్తే మంచిది” అంటే, నేను ఎప్పటి నుంచో గమనిస్తున్నాను, ఇంతకంటే నా నోటితో చెప్పకూడదు, దయచేసి ఈ నెల్లోనే వెళ్ళండి అని. కాన్పుల ఆసుపత్రి నర్సు ఫోన్లో, “బిడ్డ కదలికలు తగ్గాయంటే సూనర్ రాదర్ దాన్ లేటర్ వచ్చెయ్యండి” అంటే, చెప్పులు వేసుకుని కారెక్కు అని.

మాటలో తేడా ఏమీ లేదు. అంతే నెమ్మది, అంతే మర్యాద. ఇక్కడివాళ్ళకి ఎదుటి మనిషికి ఆజ్ఞ వెయ్యడమంటే మొహమాటం. నిర్ణయం నీదే అన్నట్టు మాట్లాడతారు. మనకేమో డాక్టర్ అంటే కేకలేసేవాడు. “ఇవాళ జాయిన్ కాకపోతే నాకు సంబంధం లేదు, తీసుకుపోండి” అంటాడు మన డాక్టర్. ఆ కేక వింటే మనకి విషయం అర్థమవుతుంది. కేక వెయ్యని డాక్టర్ని చూస్తే మనవాళ్ళు, అమ్మయ్య, పెద్ద ప్రమాదం లేదు అనుకుంటారు. ఈ తప్పు ఎంతమంది చేశారో నా చెవులతో విన్నాను.

అందుకని నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఆ మాట రాగానే ఉన్నదున్నట్టు చెప్పి, వెంటనే “ఇంటర్‌ప్రెటర్ అడుగుతోంది, అంటే గంటలా, రోజులా, వారాలా?” అని అడిగేదాన్ని. చాలామంది డాక్టర్లు సంతోషంగా చెప్పేవాళ్ళు. కోపం వచ్చేది కెవిన్‌కి. కెవిన్ మా క్వాలిటీ మేనేజర్. రికార్డు చేసిన కాల్స్ విని మార్కులు వేస్తాడు. ప్రశ్నలు ఎక్కువ అడుగుతున్నానని, కాల్స్ సాగదీస్తున్నానని నాకు ప్రతిసారీ మార్కులు కోసేవాడు. కోసుకో అనుకునేదాన్ని. అలవాటు మానలేదు. మీరూ మానకండి.

రాజవ్వ గారి కన్ను

మొదట్లో చెప్పిన గదికి వస్తాను. ఆ పెద్దావిడ పేరు రాజవ్వ అనుకోండి. జగిత్యాల దగ్గర నుంచి కోడలి కాన్పుకి వచ్చింది. ఎడమ కన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది, వెలుతురు తప్ప ఏమీ తెలీదు. ఉన్నది కుడి కన్ను ఒక్కటే. దాని మూల నుంచి నల్లటి పరదా దిగుతున్నట్టుందని చెబితే కొడుకు శ్రీకాంత్ గారు తీసుకొచ్చాడు. ఆయన సాఫ్ట్‌వేర్. వస్తూనే ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదు, నేనున్నాగా అన్నాడు. ఆసుపత్రి పద్ధతి ఒప్పుకోదు కాబట్టి నన్ను కలిపారు.

డాక్టర్ మెత్తటి మనిషి. కంటి వెనక పొర చిరిగి, ఒక పక్క నుంచి ఊడటం మొదలైందని చెప్పాడు. మధ్యలో భాగం, మనం మొహాలు చూసేదీ అక్షరాలు చూసేదీ దానితోనే, అది ఇంకా అంటుకునే ఉందన్నాడు. అదంతా నేను తెలుగులో చెప్పాను. ఆవిడ “ఊఁ, ఊఁ” అంటూ విన్నది. అప్పుడాయన అన్నాడు ఆ మాట. ఆపరేషన్ సూనర్ రాదర్ దాన్ లేటర్ చేస్తే బాగుంటుందని నా అభిప్రాయం అని.

నేను నోరు తెరిచేలోపు కొడుకు అందుకున్నాడు.

“తొందరేం లేదమ్మా. జర జల్ది చేయించుకుంటే మంచిదంటుండు, గంతే. టైముంది.”

“అట్లయితే మంచిదే,” అంది రాజవ్వ గారు. “రేపు అమాస. అమాసనాడు ఎవరన్న కత్తి పెట్టించుకుంటరా? ఎల్లుండి శనివారం. సోమారం చూద్దం తియ్.”

“సోమవారమే పెట్టుకుందాం. నేను బుక్ చేస్తా.”

ఇందులో ఒక్క ముక్క కూడా డాక్టర్‌కి తెలీదు. తల్లీకొడుకులు మాట్లాడుకుంటున్నారు, ఒప్పుకున్నట్టున్నారు అనుకుని ఆయన చిరునవ్వుతో కూర్చుని ఉంటాడు. నేను ఆ ముక్కలన్నీ వరసగా ఇంగ్లీష్‌లో చెప్పడం మొదలుపెట్టాను. కొడుకు తల్లితో, తొందరేం లేదు, టైముంది అని చెప్పారు. తల్లి, రేపు అమావాస్య అన్నారు. అప్పుడే శ్రీకాంత్ గారికి కోపం వచ్చి, నేను మొదట రాసిన ఆ ప్రశ్న అడిగాడు.

“గదిలో ఎవరేమన్నా అందరికీ చెప్పాలండీ. అదే నా పని,” అన్నాను. ఆ మాట కూడా ఇంగ్లీష్‌లో డాక్టర్‌కి చెప్పాను.

“మా ఇంటి మాటలు మేం మాట్లాడుకోవద్దా? నాకు ఇంగ్లీష్ రాదా? పన్నెండేండ్ల సంది ఇక్కడ పని చేస్తున్న. సూనర్ రాదర్ దాన్ లేటర్ అంటే ఏందో మా స్టాండప్‌ల రోజూ వింట. ఈ స్ప్రింట్ కాకపోతే నెక్స్ట్ స్ప్రింట్.”

అదీ చెప్పాను. స్టాండప్ అంటే పొద్దున్నే ఆఫీసులో అందరూ కలిసి పని మాట్లాడుకోవడం, స్ప్రింట్ అంటే రెండు వారాల పని అని నాకూ తెలుసు, ఆ డాక్టర్‌కీ తెలుసు. సియాటిల్ పక్కన ఎవరికి తెలీదు. ఆయన అబద్ధం చెప్పలేదు, గమనించండి. ఆయన ఆఫీసులో ఆ మాటకి అర్థం నిజంగా అదే. పన్నెండేళ్ళుగా నిజమైన అర్థం ఈ గదిలో ఒక కన్నుని తీసుకుపోబోతోంది.

డాక్టర్ కుర్చీ జరుపుకున్న చప్పుడు వినపడింది. ఈసారి నెమ్మదిగానే, కాని ఒక్కో మాట విడివిడిగా చెప్పాడు. నేను “నేను” అనే చెప్పాను, ఆయన గొంతుగా.

“అమ్మా, నేను సరిగ్గా చెప్పలేదు. మధ్యభాగం ఈ రాత్రికి ఊడొచ్చు, రేపు ఊడొచ్చు. ఊడితే ఆ తర్వాత ఆపరేషన్ చేసినా మొహాలు సరిగ్గా కనపడకపోవచ్చు. నేను రేపు పొద్దున చేయాలనుకుంటున్నాను.”

అప్పుడు రాజవ్వ గారు ఫోన్ దగ్గరికి వచ్చినట్టుంది, గొంతు పెద్దదైంది. డాక్టర్ని అడగలేదు, కొడుకుని అడగలేదు.

“నువ్వు చెప్పు బిడ్డా. మీ అమ్మ కన్నయితే నువ్వేం జేస్తవు?”

ఈ పనిలో ఇంతకంటే కష్టమైన ప్రశ్న ఉండదు. మనకి జవాబు తెలుసు. చెప్పకూడదు. చెబితే రేపు ఏదైనా అయితే నువ్వు చెప్పావని అంటారనే భయం వల్ల కాదు. నేను కంటి డాక్టర్ని కాను, అందుకు. నేను ఆ ప్రశ్నని అలాగే డాక్టర్‌కి చెప్పాను. రోగి ఇంటర్‌ప్రెటర్‌ని అడుగుతున్నారు, మీ అమ్మ కన్నయితే ఏం చేస్తావని. ఆయన, ఆ ప్రశ్న నేను తీసుకుంటాను అన్నాడు. తన తల్లయితే ఇవాళ రాత్రి తిండి ఎప్పుడు ఆపాలో చెప్పి, రేపు పొద్దున్నే తనే కారులో తీసుకొస్తానన్నాడు.

అది తెలుగులో చెప్పాను. తర్వాత ఆవిడ కొడుకుని అడిగింది.

“ఇండియల గిప్పుడు ఎంతయింది?”

“తెల్లారుజాము నాలుగైతుందమ్మా.”

“రేపు గీ డాక్టర్ కత్తి పట్టేసరికి ఆడ రాత్రయితది. అమాస ఎల్లిపోతది. మనకు అమాస పట్టేది ఆడనా, ఈడనా?”

శ్రీకాంత్ గారు ముక్కు చీదుకోవడం వినపడింది. ఏడుస్తున్నాడని చెప్పడం నా పని కాదు, అది వాళ్ళందరికీ కనపడుతూనే ఉంది. నేను అమావాస్య సంగతి, ఇండియా టైం సంగతి ఇంగ్లీష్‌లో చెప్పాను. డాక్టర్ చాలా మర్యాదగా, ఏ టైం జోన్ అయినా తనకి అభ్యంతరం లేదన్నాడు.

“రేపటికి రాసుకొమ్మను,” అంది రాజవ్వ గారు. “కాని ఇంటికి పోయి ఆలోచించుకుంట.”

ఫోన్ పెట్టేశారు. అంతే. ఈ ఉద్యోగంలో మీకు ఎవరూ చెప్పని కష్టం అదే. కథ సగంలో తలుపు మూసేస్తారు. ఆవిడ రేపు వస్తుందా, రాత్రి ఎవరైనా ఫోన్ చేసి మనసు మారుస్తారా, మనకి తెలీదు. తెలుసుకోవడానికి ఫోన్ చేయకూడదు. ఇంకో కాల్ మోగుతుంది, ఎవరిదో పైపు కారుతుంటుంది.

కెవిన్

ఆ రాత్రే కెవిన్ ఫోన్ చేశాడు. శ్రీకాంత్ గారు కంప్లయింట్ పెట్టాడట, ఇంటర్‌ప్రెటర్ మా కుటుంబం సొంత మాటలు బయటపెట్టి మమ్మల్ని అవమానించిందని. కెవిన్ రికార్డింగ్ విన్నానన్నాడు. రూలు ప్రకారం నువ్వు చేసింది తప్పు కాదు, కాని ఆసుపత్రి మన పెద్ద క్లయింట్, కాబట్టి ఒక క్షమాపణ రాసి పంపు అన్నాడు. విచారణ అయ్యేదాకా ఆ ఆసుపత్రి కాల్స్ వస్తే తీసుకోవద్దు, డిక్లైన్ నొక్కు, వేరేవాళ్ళకి వెళ్తాయి అన్నాడు.

తప్పు కాదన్నదానికి క్షమాపణ ఎందుకని అడిగాను. గొడవ తగ్గుతుందన్నాడు.

“కెవిన్, ఆ కొడుకు మాట నేను చెప్పకుండా మింగేసి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. సోమవారం ఇంకో గొడవ ఉండేది. దానికి ఎవరు రాస్తారు క్షమాపణ?”

ఆయన నిట్టూర్చి, సూనర్ రాదర్ దాన్ లేటర్ పంపమన్నాడు. నాకు నవ్వొచ్చింది. గంటలా, రోజులా అని అడిగాను. ఆయనకి నవ్వు రాలేదు. రేపు పొద్దున లాగిన్ అయ్యేలోపు అన్నాడు.

మా ఆయన మంచివాడు, గొడవలంటే పడదు. రెండు లైన్లు రాసేస్తే పోతుంది కదే అన్నాడు. రాస్తే ఆ రెండు లైన్లు నా తర్వాత వచ్చే ప్రతి పిల్ల మెడకి కడతారు అన్నాను. కొడుకులు తల్లులకి తగ్గించి చెప్పినప్పుడల్లా ఆ పిల్ల, ఫలానా ఆవిడ సారీ చెప్పిందట, మనకెందుకులే అని నోరు మూసుకుంటుంది. నేను ఆ కొడుకుని ద్వేషించలేదు. ఇప్పుడూ ద్వేషించను. భయపడ్డ మనిషి ఆయన. కాని ఆయన భయానికి వాళ్ళమ్మ కన్ను ఇవ్వలేను.

క్షమాపణ రాయలేదు. నా ఫైల్లో వార్నింగ్ పడింది. ఆ తర్వాత కూడా నాలుగేళ్ళు పని చేశాను, ఆ వార్నింగ్‌తోనే. అది ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. ఉండనివ్వండి. మీకూ పడుతుంది ఒకటి. పడకపోతే మీరు ఎక్కడో ఏదో మింగేస్తున్నారని లెక్క.

పొద్దున

మర్నాడు పొద్దున క్షమాపణ పంపకుండానే అలమరలో కూర్చుని లాగిన్ అయ్యాను. బాతెల్‌లో తెల్లవారే వేళకి కాల్ మోగింది. తెర మీద ఆ కళ్ళ ఆసుపత్రి పేరు, పక్కన ‘తెలుగు’. ఆ పేరుతో వచ్చేది ఎవరి కాలైనా కావచ్చు. కింద రెండు బటన్లు, తీసుకో, వద్దు. కెవిన్ మాట గుర్తుంది. పచ్చది నొక్కాను.

నర్సు. ఆపరేషన్ ముందు గదిలో ఉన్నామని, పేషెంట్ కాగితాల మీద సంతకం పెట్టాలని, కాని ఆవిడ తెలుగులో మొత్తం వింటే తప్ప పెట్టనంటోందని చెప్పింది.

“తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. చెప్పండి,” అన్నాను.

శ్రీకాంత్ గారు మెల్లగా, “అమ్మా, ఆమెనే,” అనడం వినపడింది. అదీ నర్సుకి ఇంగ్లీష్‌లో చెప్పాను.

“నువ్వేనా బిడ్డా,” అంది రాజవ్వ గారు. “సదువు. అంత సదువు, ఏం ఇడ్వకు.”

నర్సు కాగితం మీది ఇంగ్లీష్ చదువుతూంటే, ఒక్కో లైను వెనకే నేను తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళాను. మత్తు గురించి, కుట్ల గురించి, తర్వాత కొన్ని రోజులు బోర్లా పడుకోవడం గురించి. ఆపరేషన్ చేసినా చూపు పోయే అవకాశం ఉంటుందన్న లైను దగ్గర శ్రీకాంత్ గారు గట్టిగా దగ్గాడు. ఏదో అనబోతున్నాడనుకున్నాను. ఏమీ అనలేదు. నేను ఆగకుండా ఆ లైను కూడా, మిగతావాటి లాగే, చెప్పేశాను.